జూలియన్ బాండు

ప్రజలు ఎన్నుకొనిన ప్రతినిధిని, అతని అభిప్రాయములు తమకు రుచింపలేదని తోడి సభ్యులు సభలోనికి రానీయకుండవచ్చునా? 1966వ సంవత్సరమున అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఈ ప్రశ్న ఉదయించెను. దానికి కారకుడు 25 సంవత్సరముల యువకుడు, జూలియన్ బాండు.

అతడు 1940 జనవరి 14వ తేదీన నాష్విల్ నగరమున జన్మించెను. తండ్రి హొరేస్ మాన్ బాండు పేరుగాంచిన విద్యావేత్త. ఆ కాలమున దక్షిణ రాష్ట్రములందు బడులు, భోజనశాలలు తెల్లవారికి వేఱు, నల్లవారికి వేఱు. పలువురు నల్లజాతివారికి ఓటుహక్కును దక్కలేదు. బాండు అట్లాంటా నగరమున మోర్‌హౌస్ కళాశాలలో చదువుచు, 1960లో తోడి విద్యార్థులతో కలిసి తెల్లవారి భోజనశాలలో శాంతియుతముగా కూర్చుండి నిర్బంధింపబడెను. ఆ యేట వెలసిన విద్యార్థుల అహింసా సంఘమున చేరి, దాని ప్రచార విభాగమును నడపెను.

అమెరికాలో ప్రతి రాష్ట్రమునకును ప్రత్యేకముగా శాసనసభ కలదు. 1965లో అట్లాంటా ప్రజలు బాండును జార్జియా ప్రతినిధుల సభకు ఎన్నుకొనిరి. ప్రమాణ స్వీకారమునకు కొన్ని దినములు ముందు విద్యార్థి సంఘము వియత్నాం యుద్ధమును ఖండించుచు ఒక ప్రకటన వెలువరించెను. బాండు దానిని సమర్థించెను. అట్టివాడు రాజ్యాంగమునకు విధేయుడనని మనఃపూర్వకముగా ప్రమాణము చేయజాలడని సభ్యులు వాదించిరి. ప్రమాణము చేయుటకు అతడు సిద్ధముగనే యుండెను. అయినను జనవరి 10వ తేదీన 184 మంది అతనిని చేర్చుకొనరాదని ఓటు చేసిరి. అతని పక్షమున నిలిచినవారు 12 మంది మాత్రమే.

ఖాళీయైన స్థానమునకు మరల ఎన్నిక జరుగగా ప్రజలు బాండునే ఎన్నుకొనిరి. సభవారు తలుపు తెఱువలేదు. ఆ సంవత్సరాంతమున జరిగిన ఎన్నికలోను అతడే గెలిచెను. ఈలోపల అతడు న్యాయస్థానము నాశ్రయించెను. క్రింది న్యాయస్థానమున ఓడినను, వివాదమును సుప్రీంకోర్టు వఱకు కొనిపోయెను.

1966 డిసెంబరు 5వ తేదీన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా బాండు పక్షమున తీర్పిచ్చిరి. ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ ఆ తీర్పును వ్రాసెను. సభ్యుడు ప్రమాణము చేయవలెనని నియమింపవచ్చును. కాని అతని చిత్తశుద్ధిని కొలుచు అధికారము తోడి సభ్యులకు లేదు. ప్రభుత్వమును విమర్శించుటకు పౌరునకు గల స్వేచ్ఛ శాసనసభ్యునకును కలదు. వివాదాస్పద విషయములపై తన అభిప్రాయమును వెల్లడించుట అతని విధియే. తీర్పులోని సారాంశమిది.

1967 జనవరిలో బాండు సభలో ఆసీనుడయ్యెను. అతనిని వెలుపల నిలిపినవారే అతని పేరును దేశమంతట మారుమ్రోగించిరి. 1968లో షికాగోలో జరిగిన డెమోక్రటిక్ పార్టీ మహాసభలో ఉపాధ్యక్ష పదవికి అతని పేరు ప్రతిపాదింపబడెను. ఆ పదవికి 35 ఏండ్లు నిండవలెను. అతనికి 28 ఏండ్లే! బాండు వినయముతో తప్పుకొనెను.

1975 నుండి 1987 వఱకు అతడు రాష్ట్ర సెనేటులో సభ్యుడుగా నుండెను. 1986లో జాతీయ కాంగ్రెసునకు పార్టీ అభ్యర్థిత్వము కోరి, తన పూర్వ సహచరుడగు జాన్ లూయిస్ చేతిలో ఓడిపోయెను. అయితే ఆ తీర్పు ప్రజలది. దానిని అతడు శిరసావహించెను. 1998 నుండి 2010 వఱకు నల్లజాతివారి అభ్యున్నతికై పాటుపడు జాతీయ సంఘమునకు అధ్యక్షుడుగా పనిచేసి, 2015 ఆగస్టు 15వ తేదీన కన్నుమూసెను.

ప్రతినిధిని పంపువారు ప్రజలు, మరలించువారును ప్రజలే. జార్జియా శాసనసభ మఱచిన ఈ సత్యమును బాండు తన పట్టుదలతో గుర్తుచేసెను.