సాగరతీర స్వప్నగృహాలు.. స్థానికులకు అందని ఇళ్లు

సాగరతీరంలోనో, పల్లెసీమలోనో ఓ ఇల్లు ఉండాలన్నది ఎందరో బ్రిటన్ వాసుల చిరకాల స్వప్నం. నగరాల్లోని సంపన్నులు సెలవుల కోసం రెండో ఇల్లు కొంటుండడంతో కార్న్‌వాల్ వంటి ప్రాంతాల్లో ధరలు స్థానిక వేతన జీవులకు అందనంతగా పెరిగాయి. శీతాకాలంలో ఆ ఇళ్లలో అనేకం తాళాలతోనే ఉంటాయి.

కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ పట్టణవాసులు 2016లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా, కొత్తగా నిర్మించే ఇళ్లు శాశ్వత నివాసానికే పరిమితం కావాలన్న నిబంధనను ఆమోదించారు. అయితే పాత ఇళ్లకు అది వర్తించదు. సెలవుల ఇల్లు కోరేవారికి ఆ దారి తెరిచే ఉంది.

రెండో ఇళ్లపై కౌన్సిల్ పన్నును వేల్స్‌లో 2023 ఏప్రిల్ నుంచి 300 శాతం వరకు, ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్ నుంచి 100 శాతం వరకు అదనంగా విధించే వీలు స్థానిక సంస్థలకు లభించింది. పన్నుతో ఖజానా నిండవచ్చు. స్థానికుడికి గూడు దక్కాలంటే అతడి వేతనానికి తగిన ఇళ్ల నిర్మాణమూ జరగాలి.