మందు కంటే ముందు మంచినీరు

చరక సంహిత విమాన స్థానంలోని మూడవ అధ్యాయానికి జనపదోద్ధ్వంసనీయమని పేరు. మనుషుల ప్రకృతి వేరు, ఆహారం వేరు, వయస్సు వేరు, బలం వేరు. అయినా ఒక ప్రాంతంలోని వారందరూ ఒకే వ్యాధికి ఎట్లా గురి అవుతారని అగ్నివేశుడు అక్కడ సందేహం వెలిబుచ్చుతాడు. అందరికీ సమానమైనవి నాలుగు ఉన్నవని, అవి వాయువు, ఉదకం, దేశం, కాలమని, ఇవి చెడినప్పుడు జనపదమంతా చెడుతుందని ఆత్రేయ మహర్షి సమాధానమిస్తాడు. గాలి కంటే నీటిని, నీటి కంటే నేలను, నేల కంటే కాలాన్ని తప్పించుకోవడం కష్టమని కూడా ఆయన అంటాడు. దేశానికి, నగరాలకు పెద్దలైనవారు ధర్మం తప్పినప్పుడు ఈ చెడుగు మొదలవుతుందని అదే అధ్యాయంలో ఉన్నది.

ఒక మనిషికి వచ్చే రోగం వేరు, ఒక నేలకు వచ్చే రోగం వేరు అన్న ఈ తెలివిడి మన వైద్యానికి ఏనాటి నుంచో ఉన్నది. పర్యావరణం, ప్రజారోగ్యం, పేదరికం అని మనం ఈనాడు మూడు పేర్లతో పిలుస్తున్నది నిజానికి ఒకే ముడి. ఆ ముడిని అర్థం చేసుకోవడానికి మనకు దూరదేశాలు అవసరం లేదు, నల్గొండ చాలు.

నేలలోని రాయి, నీటిలోని విషం

నల్గొండ జిల్లా నేల అడుగున ఉన్న గ్రానైటు శిలలలో ఫ్లోరైడ్ గల ఖనిజాలు ఉన్నవి. నీరు ఆ శిలలతో ఎంత ఎక్కువ కాలం కలిసి ఉంటే అంత ఎక్కువ ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. వర్షం తక్కువైన చోట, బోరుబావులు లోతుకు దిగిన చోట ఈ ప్రమాదం పెరుగుతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రాము. వేరే నీరు దొరకని చోట మాత్రమే 1.5 వరకు అనుమతి.

మన దేశంలో ఈ వ్యాధిని 1937లో మొదటిసారిగా వైద్య పత్రికలో వివరించినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామాల నుంచే. అంతకు ముందే రైతులు తమ ఎడ్లు కీళ్ళు బిగుసుకొని నడవలేకపోవడం గమనించారు. నోరులేని పశువు ముందుగా చెప్పిన సంగతి మనుషుల ఎముకలలో తరువాత కనిపించింది.

శాశ్వత దంతాలు రూపుదిద్దుకొనే వయస్సులో ఈ నీరు తాగిన పిల్లలకు పళ్ళ మీద సున్నం వంటి తెల్లమచ్చలు, తరువాత పసుపు, గోధుమరంగు చారలు ఏర్పడతాయి. ఏళ్ళ తరబడి తాగినవారికి ఎముకలు మందగించి, కీళ్ళు బిగుసుకొని, వెన్ను వంగిపోతుంది. ఇట్లా వంగిన ఎముకను తిరిగి నిలబెట్టే ఔషధం ఏ వైద్య విధానంలోనూ లేదు.

నూనె అడిగేవారు, నీరు చెప్పనివారు

హైదరాబాదులో వైద్యం చేస్తున్న నా వద్దకు మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల నుంచి కీళ్ళ నొప్పులతో వచ్చినవారు అనేకులు. దాదాపు అందరూ సంధివాతమనే తలచి, మర్దనకు ఏదైనా నూనె ఇమ్మని అడిగేవారు. నేను ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంతకాలం ఏ నీరు తాగారు? ఆ తరువాత మూడు చిన్న పరీక్షలు చేయిస్తాను. మోకాళ్ళు మడవకుండా నేల మీది నాణాన్ని తీయగలరా? గడ్డాన్ని ఎదురు రొమ్ముకు తాకించగలరా? రెండు చేతులను తల వెనుకకు చేర్చగలరా? ఇవి చేయలేనివారు ఫ్లోరైడ్ నీటి ప్రాంతం వారైతే అనుమానించవలసినదే. వ్యాధిని నిర్ధారించడానికి నీటి పరీక్ష, మూత్ర పరీక్ష, ఎక్స్‌రే అవసరం.

ఒకసారి నలభై ఏళ్ళ వ్యవసాయ కూలీ ఒకరు నాణాన్ని తీయబోయి సగంలో ఆగిపోయి, "నాట్లకు పిలవడం మానేశారయ్యా" అన్నారు. వంగలేని మనిషికి నాటు పని లేదు. పని లేని ఇంట్లో పాలు, కూరలు లేవు. పాలు, కూరలు లేని ఒంట్లో ఫ్లోరైడ్ మరింత చెరుపు చేస్తుంది. ఆయన జబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నదో ఆ ఒక్క మాటలో నాకు బోధపడింది.

ఒకే బావి, రెండు మోతాదులు

ఊరందరిదీ ఒకే నీరైనా జబ్బు అందరికీ ఒకే తీరుగా రాదు. నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నదనుకుందాము. నీడపట్టున కూర్చునే మనిషి రోజుకు రెండు లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. ఎండలో పనిచేసే కూలీ ఐదు లీటర్లు తాగితే 15 మిల్లీగ్రాములు పోతుంది. ఆపైన కాల్షియం, సి విటమిన్ తక్కువైన శరీరం ఈ దెబ్బను తట్టుకోలేదు. ఈ విధంగా చెమటోడ్చేవాడికే పెద్ద మోతాదు అందుతున్నది.

దేశాల విషయంలోనూ ఇంతే. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఓక్లీ అనే చిన్న పట్టణం ఉన్నది. ఒక ఊట నుంచి కొత్తగా గొట్టం వేసిన తరువాత అక్కడి పిల్లల పళ్ళు గోధుమరంగుకు మారసాగాయి. 1923లో అక్కడికి వెళ్ళిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే ఆ గొట్టాన్ని వదిలి మరొక ఊట నీటిని వాడమని సలహా ఇచ్చారు. పట్టణ పెద్దలు అట్లే చేశారు. కొద్ది ఏళ్ళకే పిల్లలకు మచ్చలేని పళ్ళు రాసాగాయి. ఆ మచ్చలకు కారణం ఫ్లోరైడ్ అని తేలినది 1931లో. కారణం తెలియక ముందే నీటిని మార్చగలిగిన ఊరు అది. కారణం తెలిసిన తరువాత కూడా దశాబ్దాలు అదే నీరు తాగిన ఊళ్ళు మనవి. తేడా విజ్ఞానంలో లేదు, ఖజానాలోను, పట్టింపులోను ఉన్నది.

అభివృద్ధి తెచ్చిన చిక్కులు

అభివృద్ధి జరిగితే ఇవన్నీ వాటంతట అవే పోతాయని కొందరి నమ్మకం. పూర్తిగా నిజం కాదు. 1967లో నాగార్జున సాగర్ జాతికి అంకితమైనది. ఎన్నో లక్షల ఎకరాలకు నీరందింది. కాని 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరైడ్ పీడిత గ్రామాలలోని యువకులలో ఒక కొత్త వైకల్యాన్ని గుర్తించారు. మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానినొకటి తాకేవి. జలాశయం వలన భూగర్భ జలమట్టం పెరిగి, నేల గుణం మారి, అక్కడి జొన్నలలో మాలిబ్డినం అధికమై, శరీరంలో రాగి లోపించడం ఒక కారణం కావచ్చునని వారు భావించారు. ఆనకట్ట కట్టినవారి లెక్కలలో కూలివాని మోకాలు ఎక్కడా లేదు.

బంగ్లాదేశ్ అనుభవం ఇంతకంటే పెద్దది. చెరువుల మురికినీటి వలన వచ్చే అతిసారాన్ని అరికట్టడానికి 1970ల నుంచి అక్కడ లక్షలాది గొట్టపు బావులు వేశారు. 1993లో ఆ బావుల నీటిలో ఆర్సెనిక్ విషం ఉన్నట్లు బయటపడింది. ఉద్దేశం మంచిదే, నేలను అడగకుండా నీరు తోడారు.

దీనికి అభివృద్ధి వద్దనడం పరిష్కారం కాదు. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని రూపొందించారు. దానికి నల్గొండ పద్ధతి అని పేరు. ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియాలలో కూడా దానిని ఉపయోగించారు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి నల్గొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా తెలంగాణ గ్రామాలకు నదీజలాలు చేరాయి. కొత్త తరం పిల్లలకు ఇది గొప్ప రక్ష. పాత తరం వంగిన నడుములకు పింఛను, వైద్యం, ఊతకర్ర ఇంకా కావలసినవే.

గృహిణులు గమనించవలసినవి

1. నీటిని కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ అది మరింత చిక్కబడుతుంది.

2. చిల్లగింజ గంధం కలిపితే బురద అడుగుకు చేరుతుంది. నీటిలో కరిగిన ఫ్లోరైడ్‌కు దానిని నమ్ముకోరాదు. పటికను కూడా కొలత తెలియక ఇంట్లో వాడరాదు.

3. కొత్త బోరు వేయించినప్పుడు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. రుచి, వాసన, రంగు వలన ఫ్లోరైడ్ తెలియదు. ఆర్.ఓ. యంత్రం దానిని చాలావరకు తొలగిస్తుంది.

4. రాగి అంబలి, పాలు, మజ్జిగ, నువ్వులు, మునగాకు కాల్షియాన్ని, ఉసిరి, జామ సి విటమిన్‌ను ఇస్తాయి. పిల్లలకు, గర్భిణులకు ఇవి ముఖ్యం.

5. మన చింతపండు చారు తేలికైనది కాదు. రోజూ 10 గ్రాముల చింతపండు తీసుకున్న బాలురలో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ విసర్జన పెరిగినట్లు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించారు. ఇది తోడ్పాటే గాని చికిత్స కాదు. చెడు నీరు తాగుతూ చారు తాగితే ఫలితం ఉండదు.

6. చిక్కటి టీ, నల్ల ఉప్పు మితంగా వాడండి. ఫ్లోరైడ్ కలిసిన టూత్‌పేస్టును చిన్నపిల్లలు మింగకుండా చూడండి.

చివరగా ఒక మనవి. మీ ఇంటి నీటిని పరీక్ష చేయించిన రోజున, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి ఇంటి నీటిని కూడా ఒక సీసాలో తెప్పించి అదే ప్రయోగశాలకు పంపండి. ఖర్చు స్వల్పం. ఉదకం అందరికీ సమానమని ఆత్రేయుడు చెప్పిన మాటను మనం పాటించగలిగిన పద్ధతి ఇది.