తల్లిపాలలో తల్లి వాటా

తల్లిపాలు బిడ్డకు ఎంత మేలో మన ఇళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పాలిచ్చే తల్లికి ఏమి దక్కుతుందన్నది మాత్రం పెద్దగా పట్టించుకోం. అమెరికాలోని తెలుగు కుటుంబాలు ముందుగా మాట్లాడుకోవలసింది ఈ సంగతే అని నా నమ్మకం. అందుకు కారణం షుగర్. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగర్ దక్షిణాసియా స్త్రీలలో ఇక్కడి తెల్లజాతి స్త్రీలకన్నా ఎక్కువ. కాన్పుతో తగ్గిపోయిందని ఊపిరి పీల్చుకుంటాం గానీ, కొన్నేళ్లకు టైప్ 2 మధుమేహంగా తిరిగివచ్చే ముప్పు ఆ తల్లులను వదలదు. కాలిఫోర్నియాలో అలాంటి వెయ్యిమందికి పైగా తల్లులను కాన్పయ్యాక రెండేళ్లు గమనించి 2015లో ఫలితాలు ప్రకటించారు. పూర్తిగా డబ్బా పాలు పట్టినవారితో పోలిస్తే, కేవలం తమ పాలే ఇచ్చినవారిలో మధుమేహం ముప్పు దాదాపు సగమే. 30 ఏళ్ల పరిశీలన ఆధారంగా 2018లో వెలువడిన మరో అధ్యయనంలోనూ, అన్ని కాన్పులకూ కలిపి ఆరు నెలలకు మించి పాలిచ్చినవారిలో ముప్పు ఇంచుమించు సగానికి తగ్గింది. పాలు తయారు కావడానికి ఒంట్లోని గ్లూకోజ్, కొవ్వు ఖర్చవుతాయి. రోజుకు సుమారు 500 కేలరీలు. రొమ్ము క్యాన్సర్ విషయంలోనూ మేలు కనిపిస్తుంది. 30 దేశాల్లోని 47 అధ్యయనాలను కలిపి చూసిన 2002 నాటి లాన్సెట్ వ్యాసం ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ ఆ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుంది.

చదువు, డబ్బు, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారే ఎక్కువకాలం పాలిస్తారు కాబట్టి ఈ ఘనత పాలది కాదనే వాదన ఒకటుంది. తోసిపుచ్చదగ్గ మాట కాదది. దానికి గట్టి సమాధానం బెలారుస్ నుంచి వచ్చింది. 1996లో అక్కడ 31 ఆసుపత్రులను చీట్లు తీసినట్టు రెండు వర్గాలు చేసి, ఒక వర్గంలోని సిబ్బందికి పాలిచ్చే తల్లులకు సాయపడడంలో శిక్షణ ఇచ్చారు. 17 వేలమంది బిడ్డలను చూస్తే, మొదటి ఏడాదిలో విరేచనాల బారిన పడినవారు శిక్షణ లేని వర్గంలో 13.2 శాతం ఉంటే శిక్షణ ఉన్న వర్గంలో 9.1 శాతమే, ఎగ్జిమా వచ్చినవారు 6.3 శాతం ఉంటే 3.3 శాతమే. పెద్దయ్యాక ఊబకాయం మాత్రం తగ్గలేదు. అందుకే తల్లిపాలు అన్ని రోగాలకూ మందు అన్నట్టు ప్రచారం చేయడం నాకు నచ్చదు. తల్లుల షుగర్ గురించి ఉన్నవి ఇలాంటి ప్రయోగాలు కావు, పరిశీలనలే. అయినా కాలిఫోర్నియా పరిశోధకులు కాన్పయిన రెండు నెలల ప్రాంతంలోనే అందరికీ పరీక్ష చేసి, అప్పటికే మధుమేహం ఉన్నవారిని పక్కన పెట్టారు. బరువు వంటి తేడాలనూ లెక్కలోకి తీసుకున్నారు. ఫలితం నిలబడింది.

ఇక ఇంట్లో వినిపించే అభ్యంతరం: "పాలు చాలట్లేదు." పురుడు చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు ప్రేమతోనే ఆ మాట అంటారు. కానీ మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి కాసిని ముర్రుపాలే, చాలామంది బిడ్డలకు అవే సరిపోతాయి. బిడ్డ తాగేకొద్దీ పాలు పెరుగుతాయి. తొందరపడి డబ్బా పడితే ఆ మేరకు తాగడం తగ్గి, నిజంగానే పాలు తగ్గుతాయి. షుగర్ ఉన్నవారికి, సిజేరియన్ అయినవారికి పాలు పడడం ఒక్కోసారి ఆలస్యమవుతుంది; వాళ్లకు కావలసింది సాయం, నింద కాదు. బిడ్డ బరువు తగ్గి డాక్టరు డబ్బా పాలు పట్టమంటే పట్టాలి, అందులో తప్పేమీ లేదు. ఉద్యోగం అడ్డమనేవారికి 2022 డిసెంబరులో వచ్చిన పంప్ చట్టం అండగా ఉంది: కాన్పయిన ఏడాది వరకూ పాలు తీసుకోవడానికి విరామమూ, బాత్రూమ్ కాని మరుగైన చోటూ ఇవ్వడం చాలామంది యజమానుల బాధ్యత. పంపు ఖర్చునూ చాలా ఇన్సూరెన్సులు భరిస్తాయి.

గర్భంలో షుగర్ వచ్చిన అమ్మాయి ఇంట్లో ఉంటే, కాన్పుకు ముందే పాలివ్వడంలో సాయపడే లాక్టేషన్ కన్సల్టెంట్‌ను కలిసేలా చూడండి. రాత్రిపూట బిడ్డను ఎత్తుకోవడం, తల్లికి వేళకు అన్నం పెట్టడం భర్త చూసుకోవాలి. కాన్పయిన 4 నుంచి 12 వారాల లోపు ఆమెకు గ్లూకోజ్ పరీక్ష తప్పకుండా చేయించండి.