ఒకే మాట, వేరు వేరు పుట్టుకలు

ఇంగ్లీషు చదివే పిల్లలకు స్పెల్లింగు ఒక్కటే తలనొప్పి కాదు. అక్షరం మారకుండా అర్థం మారిపోయే మాటలు ఇంకో తలనొప్పి. వాటిని నేర్పడానికి మన కోవిల్‌పట్టి, విరుదునగర్ వీధులే చాలు.

కోవిల్‌పట్టిలో ‘మ్యాచ్’ అంటే ఏమిటి? ఫ్యాక్టరీకి వెళ్ళే అమ్మకు అగ్గిపుల్ల. హాకీ కర్ర పట్టిన కుర్రవాడికి ఆట. పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంట్లో సంబంధం. ఆటకూ, సంబంధానికీ మూలం ‘జోడు’ అని అర్థమిచ్చే పాత ఇంగ్లీషు మాట. సరిజోడు కుదిరితేనే కదా ఆటైనా, పెళ్ళైనా! అగ్గిపుల్లది మాత్రం వేరే వంశం. అది దీపపు వత్తిని చెప్పే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది.

విరుదునగర్ మండీలో ‘పల్స్’ అంటే కందులు, మినుములు, పెసలు. డాక్టరుగారు చెయ్యి పట్టుకుని చూసే ‘పల్స్’ నాడి. లాటిన్‌లో ‘కొట్టుకోవడం’ అనే మాట నాడి అయింది. ‘అంబలి’ అనే మరో మాట పప్పుధాన్యమైంది. అందుకే మంచి డిక్షనరీలు ఇలాంటి వాటికి ఒకటి, రెండు అని నంబర్లు వేసి విడివిడిగా ఇస్తాయి. మొదటి అర్థం చూసి పుస్తకం మూసేసే పిల్లవాడు, పప్పు పంటల పాఠంలో నాడిని వెతుక్కుంటాడు!

ఈ చిక్కు మన ఇళ్ళలోనూ ఉంది. తెలుగులో ‘పసి’ లేత వయసు, తమిళంలో ఆకలి. మనకు ‘కుడి’ చేతివైపు, తమిళంలో ‘తాగు’. తెలుగు ‘అవసరం’ కావలసినది. తమిళంలో అది తొందర. “మందు అవసరం లేదు” అని అమ్మమ్మ అంటే, వద్దంటున్నదా, నిదానంగా తెమ్మంటున్నదా? బయట తమిళమే వినే మనవడికి రెండూ తోస్తాయి. ఒక పూట మందు ఆ మాటమీదే ఆధారపడుతుంది.

2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి పాఠమైంది. ఉన్న ఊరి భాష రావలసిందే. కానీ బడిలో తెలుగు లేని పిల్లలకు ఇల్లే బడి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. ఆయన తమిళ నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. కరిసల్ సీమ మాటలకు నిఘంటువు కూర్చినదీ ఆయనే. ఒక భాష ఇంకొక భాషకు అడ్డం కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

రాత్రి భోజనాల దగ్గర రోజుకొక మాట తీసుకోండి. తెలుగులో ఏమిటి, తమిళంలో ఏమిటి, ఇంగ్లీషులో ఏమిటి అని అడగండి. పక్కనున్న మాటలు చూసి అర్థం చెప్పమనండి. పిల్లలకు ఇంగ్లీషూ వస్తుంది, అమ్మమ్మ మాటా అందుతుంది.