పాల క్యానంత పెట్టె.. పాల ప్యాకెట్టంత అయింది!

ఇంట్లోనే బుల్లి కంప్యూటర్ బిగించుకునేవారికి కొలతలు, జాగ్రత్తలు

మేడ్చల్ : పాడి ఉన్న ఇంటివారికి నలభై లీటర్ల పాల క్యాను ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు. ఇన్నాళ్లూ బల్ల కింద పెట్టుకుంటూ వచ్చిన మామూలు కంప్యూటర్ పెట్టె ఇంచుమించు ఆ క్యానంత చోటు ఆక్రమిస్తుంది. చదువులకు, లెక్కలకు, దరఖాస్తులకు ఆ పెట్టె చేసే పనినే ఇప్పుడు లీటరు చోటు పట్టే పెట్టె చేస్తోంది. అర లీటరు పాల ప్యాకెట్లు రెండు కలిపితే ఎంతో, అంతే.

ఈ బుల్లి కంప్యూటర్లను నిజంగానే లీటర్లలో కొలుస్తారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. మామూలు పెట్టె నలభై నుంచి యాభై లీటర్లు. ఇరవై లీటర్ల లోపు ఉంటే చిన్న పెట్టె కింద లెక్క. సుమారు 18 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, మూడున్నర సెంటీమీటర్ల మందం ఉన్నది లీటరుకు కాస్త ఎక్కువ. అది తెర వెనుక మేకుకు తగిలించినా నిలుస్తుంది.

మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో ఇంటర్, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లకు ఇది కేవలం మోజు వ్యవహారం కాదు. ఒక పంట మీద మిగిలిన సొమ్మో, ఒక గేదె అమ్మిన సొమ్మో పెట్టి కొనే వస్తువు అది. తెలిసి కొంటే అయిదారేళ్లు పనిచేస్తుంది. తెలియక కొంటే మొదటి ఎండాకాలంలోనే మూలపడుతుంది.

ఈ గడ్డకు కొత్త కాదు

కంప్యూటర్ బిగించడం ఈ జిల్లాకు కొత్త విద్య కాదు. అణుశక్తి శాఖ కింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1967 ఏప్రిల్ 11న ఏర్పడింది. అందరూ ఈసీఐఎల్ అని పిలిచే ఆ సంస్థ ఉన్న ప్రాంతం ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిదే. దానికి రూపం ఇచ్చిన శాస్త్రవేత్త డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లువారు. ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరిటే వెలిసింది.

దేశంలోనే రూపకల్పన చేసిన టీడీసీ-12 కంప్యూటర్ 1969లో వచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్నది దాని పూర్తి పేరు. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపు దిద్దుకోగా ఈసీఐఎల్ దాన్ని తయారు చేసింది. తర్వాత 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. టీడీసీ-12 బీరువాల పరిమాణంలో ఉండేది. దాని మెమొరీ మొదట నాలుగు వేల పైచిలుకు పదాలకు మించదు. ఒక్కో పదానికి 12 బిట్లు. ఇప్పటి లెక్కలో అది ఆరు కిలోబైట్లు. నేడు బుల్లి పెట్టెలో పెట్టే వేలెడు పొడవు ర్యామ్ బిళ్ల ఎనిమిది గిగాబైట్లు. టీడీసీ-12 మెమొరీకి అది దాదాపు పద్నాలుగు లక్షల రెట్లు.

జానెడు కన్నా చిన్న బోర్డు

కంప్యూటర్‌కు ప్రాణం మదర్‌బోర్డు. మామూలు బోర్డు కొలతను 1995లో అమెరికాకు చెందిన ఇంటెల్ కంపెనీ ఖరారు చేసింది. అది 30.5 సెంటీమీటర్ల పొడవు, 24.4 సెంటీమీటర్ల వెడల్పు. 2001లో తైవాన్‌కు చెందిన వయా కంపెనీ 17 సెంటీమీటర్ల చదరపు బోర్డును తెచ్చింది. దాన్ని మినీ ఐటీఎక్స్ అంటారు. జానెడు కన్నా చిన్నది. దానికి నాలుగు మూలలా నాలుగు స్క్రూ రంధ్రాలు. ఏ కంపెనీ బోర్డయినా ఆ రంధ్రాలు అవే చోట ఉంటాయి కనుక ఏ కంపెనీ పెట్టెలోనైనా కూర్చుంటుంది.

ఈ బోర్డుతో సొంతంగా బిగించుకునే పెట్టెలు అయిదు నుంచి పదిహేను లీటర్ల దాకా ఉంటాయి. లీటరు పెట్టెలు మాత్రం కంపెనీలు సిద్ధంగా తయారు చేసి అమ్మేవి. సొంతంగా బిగించుకున్న దానిలో ప్రతి భాగాన్నీ తర్వాత మార్చుకోవచ్చు. లీటరు పెట్టెలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, చాలా వాటిలో ప్రాసెసర్ కూడా మార్చవచ్చు. కానీ బోర్డు పోతే ఆ నమూనా బోర్డే వెతకాలి. పెద్ద ఆటలు, సినిమా ఎడిటింగ్ కావాలనుకునేవారికి లీటరు పెట్టె చాలదు. వాటికి కావలసిన గ్రాఫిక్స్ కార్డుకు అందులో చోటు ఉండదు.

విడిభాగాలకు ఈ ప్రాంతంవారు ఎక్కువగా వెళ్లేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు. 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ రైలు నడవడంతో ప్రయాణం సులువైంది. శామీర్‌పేటవారికి రాజీవ్ రహదారి బస్సులు ఉండనే ఉన్నాయి.

ముందు కొలత, తర్వాతే కొనుగోలు

బట్ట కొలవకుండా కత్తెర పెట్టే దర్జీ ఉండడు. చిన్న పెట్టె విషయంలోనూ అంతే. మూడు కొలతలు కాగితం మీద రాసుకుని అంగడికి వెళ్లాలి. మొదటిది ప్రాసెసర్ మీద కూర్చునే ఫ్యాన్ ఎత్తు. కొన్ని పెట్టెల్లో నాలుగు సెంటీమీటర్లకు మించి పట్టదు. రెండోది కరెంటు సరఫరా పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్. చిన్న పెట్టెలకు 12.5 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల లోతు, 6.35 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఎస్‌ఎఫ్‌ఎక్స్ రకం వాడతారు. మామూలు రకం అందులో దూరదు. మూడోది గ్రాఫిక్స్ కార్డు పెట్టదలిస్తే దాని పొడవు.

ర్యామ్‌లోనూ తేడాలున్నాయి. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 ఎక్కదు, డీడీఆర్5 బోర్డులో డీడీఆర్4 ఎక్కదు. లీటరు పెట్టెల్లో ల్యాప్‌టాప్‌లలో వాడే పొట్టి ర్యామ్ పడుతుంది. 2025 చివరి నుంచి ప్రపంచమంతటా మెమొరీ ధరలు పెరిగాయి కనుక తప్పు బిళ్ల కొంటే నష్టం చిన్నది కాదు.

బిగించే వరుస

పెద్ద పెట్టెలో చెయ్యి ఎటైనా తిరుగుతుంది. చిన్న పెట్టెలో తిరగదు. అందుకే చాలా పని పెట్టె బయటే ముగించాలి.

బోర్డు వచ్చిన అట్టపెట్టెనే పీటగా చేసుకుని దానిపై బోర్డు పెట్టాలి. ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రికోణపు గుర్తు, బోర్డుమీది గుర్తు ఒకే మూలకు రావాలి. ప్రాసెసర్‌ను నొక్కకూడదు. సరిగ్గా ఉంటే దానంతటదే కూర్చుంటుంది. తర్వాత ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. ఎస్‌ఎస్‌డీ ఇప్పుడు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవున్న చిన్న పట్టీ. ఒక స్క్రూతో బిగుస్తుంది.

ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు పెసరగింజంత చాలు. నెయ్యి రాసినట్టు దట్టంగా పూస్తే ఉపయోగం లేదు. దానిపై హీట్‌సింక్, ఫ్యాన్ బిగించి, ఫ్యాన్ తీగను బోర్డుకు తగిలించాలి. మరచిపోతే నిమిషాల్లో యంత్రం వేడెక్కి ఆగిపోతుంది. ఇదంతా అయ్యాక పెట్టె బయటే ఒకసారి కరెంటు ఇచ్చి, తెర వెలిగిందో లేదో చూసుకోవాలి. వెలిగితేనే ప్లగ్గు తీసి లోపల అమర్చాలి. లోపల బిగించాక లోపం బయటపడితే మొత్తం విప్పాల్సి వస్తుంది.

ఎండాకాలమే అసలు పరీక్ష

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. పెట్టె చిన్నదైతే లోపల గాలి తక్కువ, వేడి పోయే దారి తక్కువ. లెక్క సులభం. ఒక పని చేసేటప్పుడు ప్రాసెసర్ గది వేడి కన్నా 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుందాం. గదిలో 25 డిగ్రీలుంటే అది 75కు చేరుతుంది. గదిలో 43 ఉంటే 93కు పోతుంది. వంద దగ్గరపడగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం కంప్యూటర్ మొరాయిస్తోందని, వైరస్ పట్టిందని చాలామంది పొరబడేది ఇందుకే.

మందు ఖర్చులేనిది. పెట్టెను గోడ గూట్లో, బీరువాలో పెట్టకూడదు. చుట్టూ నాలుగంగుళాల ఖాళీ వదలాలి. టీవీ మీద కప్పినట్టు అల్లిక బట్ట కప్పకూడదు. గిర్నీ, ధాన్యపు గది, వంటగది పక్కన పెడితే దుమ్ము, జిడ్డు కలిసి ఫ్యాన్‌కు పేరుకుంటాయి. గాలి పీల్చే రంధ్రాలకు సన్నని జాలీ కట్టి నెలకోసారి దులపాలి. ఆ జాలీ బల్లులు, చీమలు దూరకుండానూ ఆపుతుంది. లోపల శుభ్రం చేసేటప్పుడు తడిగుడ్డ వాడరాదు. మెత్తని బ్రష్ చాలు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి.

ప్రాసెసర్ ఎంపికలోనూ జాగ్రత్త ఉండాలి. చిన్న పెట్టెలకు 35 వాట్ల రకాలు ఉన్నాయి. 65 వాట్ల దాన్ని కుక్కితే వేడి దాదాపు రెట్టింపవుతుంది.

కరెంటు ఆదా, ఎర్తింగ్ తప్పనిసరి

కరెంటు కోతల్లో బుల్లి పెట్టెకు ఒక మేలుంది. చదువు పనికి 20 వాట్లు తీసుకునే పెట్టెను రోజుకు ఎనిమిది గంటలు నడిపితే నెలకు అయిదు యూనిట్ల లోపే కాలుతుంది. వంద వాట్లు తినే పాత పెద్ద పెట్టెకు అదే వాడకంలో 24 యూనిట్లు. తెర ఖర్చు రెండింటికీ వేరు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఆ పెట్టె పాత ట్యూబ్‌లైటులో సగం భారం మాత్రమే వేస్తుంది. అయితే 19 వోల్టుల అడాప్టర్‌తో నడిచే పెట్టెను నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే నడవదు.

పెట్టె ముట్టుకుంటే జివ్వుమంటే ఇంటికి ఎర్తింగ్ లేదని అర్థం. బోరు మోటారు దగ్గర ఉప్పు, బొగ్గు వేసి ఎర్త్ గుంట తీసే రైతు ఇంటి దగ్గర దాన్ని వదిలేయడం తగదు. మూడు పుల్లల ప్లగ్గులో లావు పుల్లను విరగ్గొట్టి వాడితే పిల్లల ప్రాణానికే ముప్పు.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎవరూ విప్పరాదు. మన 230 వోల్టుల కరెంటు దాని లోపల సుమారు 325 వోల్టులై కెపాసిటర్లలో నిలుస్తుంది. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కొంతసేపు అది పోదు. పాడైతే మార్చడమే మార్గం.

పాత సరుకు కొంటే మోసపోకండి

ఆఫీసులు వాడి వదిలేసిన లీటరు పెట్టెలు అంగళ్లలో చవగ్గా దొరుకుతున్నాయి. వీటిలో మంచివీ ఉన్నాయి, తగలబెట్టేవీ ఉన్నాయి. విండోస్ 10కు ఉచిత భద్రతా మరమ్మతులు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు ఇంటెల్ రకాల్లో సాధారణంగా ఎనిమిదో తరం, ఆపైవే పనికివస్తాయి. తరం గుర్తించడం కష్టం కాదు. ఐ5-6500టీ అని ఉంటే ఆరో తరం, ఐ5-8500టీ అని ఉంటే ఎనిమిదో తరం, ఐ5-10500టీ అయితే పదో తరం.

ఆరో తరం పెట్టె ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయనక్కరలేదు. దానిలో ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవచ్చు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. తిరిగే పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే అదే పెట్టె కొత్త ఊపు తెచ్చుకుంటుంది. డబ్బు తక్కువున్నవారు మొదట చేయాల్సిన మార్పు ఇదే.

కొనేటప్పుడు అంగట్లోనే ఆన్ చేయించాలి. మొదలయ్యే సమయంలో పాత ఆఫీసు పాస్‌వర్డ్ అడిగితే వద్దనాలి. ఆ తాళం తీయడం అందరివల్లా కాదు. అడాప్టర్ పెట్టెకు తగిన వాట్లదో కాదో చూడాలి. బిల్లు, వారంటీ కాగితం చేతికి తీసుకున్నాకే సొమ్ము ఇవ్వాలి.

రంధ్రం చేసే ముందు

వేడి తగ్గించడానికి పెట్టె మూతకు ఫ్యాన్ ఎదురుగా రంధ్రాలు చేయించుకునేవారున్నారు. మంచి మార్పే. కానీ బోర్డును పూర్తిగా బయటకు తీశాకే డ్రిల్లు పెట్టాలి. ఇనుప రజను ఒక్క రవ్వ బోర్డు మీద పడినా షార్టవుతుంది. అంచులను ఆకురాయితో నున్నగా చేయాలి, లేకుంటే తీగల పైతొడుగు కోసుకుపోతుంది. చెక్క పెట్టె చేయించుకునేవారు బోర్డు కింద ఇత్తడి కాళ్లు పెట్టించి, లోపలి లోహానికి ఎర్త్ తీగ కలపాలి.

పాడైన బోర్డులు, తీగలు రాగి కోసం పొలం గట్టున కాల్చడం అన్నింటికన్నా ప్రమాదం. ఆ పొగ పిల్లల ఊపిరితిత్తులకు, బూడిదలోని సీసం చెరువు నీటికి చేటు. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి సరుకును రిజిస్టరైన రీసైక్లర్లకే చేర్చాలి.

వెనకటి పెద్ద కంప్యూటర్లను దుమ్ము చొరబడని గదిలో, ఏసీ వేసి కాపాడేవారు. నేటి లీటరు పెట్టె అడిగేది చుట్టూ నాలుగంగుళాల ఖాళీ, మంచి ఎర్తింగ్, నెలకోసారి ఒక బ్రష్. ఆ మూడూ ఏ పల్లెటూరి ఇంట్లోనైనా సమకూరేవే.