వైఫైలో ఎవరి మాట ముందు?

చింతామణిలో ఒక టమాట మండీని ఊహించుకోవచ్చు. ఇంటర్నెట్ లైను ఒక్కటే, వైఫై రూటరు ఒక్కటే. కెమెరాల రికార్డింగులు ఎడతెగకుండా సర్వరుకు వెళుతుంటాయి. ముందు గదిలో యజమాని చెన్నై వ్యాపారితో వాట్సాప్‌లో ధర మాట్లాడుతుంటాడు. “పెట్టె మూడు వందల...” అన్నంతలో మాట తెగిపోతుంది. ఇరవయ్యా, ఎనభయ్యా? బయట ఎదురుచూస్తున్న రైతు సొమ్ము ఆ తెగిన ముక్కలోనే ఉన్నది.

లైను వేగం పెంచితే సరిపోతుందని చాలామంది తలుస్తారు. నిజానికి మాటకు కావలసింది వేగం కాదు, వేళ. సంభాషణకు సెకనుకు 100 కిలోబిట్లలోపే చాలును. అయితే పలికిన మాట 150 మిల్లీసెకన్లలోపు అవతలి చెవికి చేరితేనే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచించింది. కెమెరా దృశ్యం పది సెకన్లు ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేదు.

వైఫైలో గాలి అందరికీ ఉమ్మడి బాట. బాట ఖాళీ అయిన తరువాత ప్రతి పరికరమూ చీటీ తీసినట్లు ఒక అంకె తీసి, అంతసేపు ఆగి, తన ప్యాకెట్టును పంపుతుంది. 2005లో ఆమోదం పొందిన 802.11ఇ ప్రమాణం ప్యాకెట్లను నాలుగు తరగతులు చేసింది: మాట, వీడియో, సాధారణం, తొందరలేని వెనుకపని. సాధారణ ప్యాకెట్టు 0 నుంచి 15 లోపు అంకె తీస్తే, మాట ప్యాకెట్టు 0 నుంచి 3 లోపే తీస్తుంది. చిన్న అంకె వచ్చినవారిదే వంతు. మాటకు గెలిచే అవకాశం ఎక్కువే గాని హామీ మాత్రం లేదు. రూటరులో డబ్ల్యూఎంఎం అని కనిపించేది ఇదే. దానిని ఆపివేస్తే 802.11ఎన్ రూటరు సైతం 54 మెగాబిట్లకు దిగిపోతుంది కనుక ముట్టకపోవడమే మేలు.

దూరాలు పెరిగితే ఈ చీటీల పద్ధతి మరింత తడబడుతుంది. 2000ల దశకంలో పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ ప్రాజెక్టు పల్లెలకు దూరపు వైఫై లింకులు వేసి, వీడియో ద్వారా వైద్యమూ చదువూ అందించింది. అటువంటి లింకుల కోసమే ఐఐటీ కాన్పూరుకు చెందిన భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి 2005లో పోటీకి బదులు ముందే వంతులు నిర్ణయించే విధానాన్ని ప్రతిపాదించారు.

మండీలో అడ్డంకి మాత్రం తరచుగా గాలిలో ఉండదు. రూటరు నుంచి బయటికి పోయే సన్నని లైను వద్ద ఉంటుంది. అక్కడ కెమెరా ప్యాకెట్ల వెనుక మాట ప్యాకెట్లు బారులు తీరితే డబ్ల్యూఎంఎం ఏమీ చేయజాలదు. రూటరులోని క్యూవోఎస్ అమరికలో అప్‌లోడు పరిమితిని లైను అసలు వేగం కంటే కాస్త తక్కువగా పెట్టి, మాటకు అగ్రస్థానం ఇవ్వాలి. అంతకంటే సులువైనది, రికార్డింగులను రాత్రివేళకు వాయిదా వేయడం.

మొబైల్ నెట్‌వర్కులో కథ వేరు. 4జీలో మామూలు ఫోను కాల్‌కు, అంటే వోల్టీకి, ప్రత్యేక బాట కేటాయిస్తారు. వాట్సాప్ కాల్ సాధారణ ఇంటర్నెట్ గుంపులోనే నడుస్తుంది. జాతర నాడు టవరు కిక్కిరిసినప్పుడు ఒకే ఫోనులో ఒకటి నిలిచి మరొకటి తెగడానికి ఇదే కారణం. ధర మాట్లాడేవారు మామూలు కాల్ చేయడం ఉత్తమం. బాగేపల్లి పరిసర గ్రామాల నుంచి ఈ-సంజీవనిలో వైద్యుని సంప్రదించేవారి వీడియో కూడా మొబైల్ డేటా మీద ఆ గుంపులోనిదే. దేశంలో 2020 మార్చి 25న వెలువడిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఫోను సంభాషణ ద్వారా సలహానూ అనుమతించాయి.

ఈ వరుసను డబ్బుకు అమ్ముకోవచ్చునా? 2018 జూలైలో కేంద్రం ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ సూత్రాల ప్రకారం, కొన్ని కీలక సేవల మినహాయింపుతో, ఆపరేటరు ఒక కంపెనీ యాప్‌ను ముందుకు నెట్టి మరొకదానిని వెనుకకు తోయరాదు. ఆ నియమం ఆపరేటర్లకే. మండీ రూటరులో కెమెరా ముందా, మాట ముందా అన్నది యజమాని ఇష్టం.