మర్యాదకు బడి కావాలా?

పదమూడేళ్ళ పిల్లలకు సభ్యత నేర్పే తరగతులు ఇప్పుడు చిన్న పట్టణాలకూ వచ్చాయి. రుసుము చెల్లించే ముందు తల్లిదండ్రులు ఆలోచించవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం 2013లో గోరఖ్‌పూర్ దానిని మించే వరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. ఆ ప్లాట్‌ఫారం ఈ కొస నుండి ఆ కొస దాకా నడిచేసరికి బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా మాటలు చెవిన పడతాయి. ఆ ఊరి రైల్వే క్వార్టర్లలో పెరిగే ఒక తెలుగు కుర్రవాణ్ణి ఊహించుకోండి. వయస్సు పదమూడు. తల్లిని చనువుగా 'నువ్వు' అంటాడు. తాతగారి స్నేహితుణ్ణి 'మీరు' అంటాడు. వీధిలోకి వెళితే బెంగాలీలో 'తుయి', 'తుమి', 'ఆప్ని' అని మూడు మెట్లు. హిందీలో 'తూ', 'తుమ్', 'ఆప్' అని మరో మూడు. బడిలో ఇంగ్లీషు మాట్లాడితే అందరికీ ఒకటే 'యూ'. పొరుగింటి బెంగాలీ ఇల్లాలు 'మాషీమా', ఎదురింటి తెలుగు ఇల్లాలు 'పిన్నిగారు'.

ఇన్ని మెట్లు ఎక్కి దిగడం అతనికి ఎవరు నేర్పారు? పుస్తకం లేదు, పరీక్ష లేదు. పొరపాటు చేస్తే ఎదుటివారి ముఖంలో కనిపించే చిన్న ముడుతే మార్కుల పట్టిక.

అటువంటి పిల్లవాణ్ణి ఇప్పుడు సెలవుల్లో 'మర్యాద తరగతుల'కు పంపమంటున్నారు. కరచాలనం ఎలా చేయాలి, తనను తాను ఎలా పరిచయం చేసుకోవాలి, ఫోనులో ఎలా మాట్లాడాలి, కత్తీ ఫోర్కూ ఎలా పట్టుకోవాలి అన్నవి పాఠ్యాంశాలు. ఇది కాలానికి తగిన చదువా, లేక ఇంట్లో ఉచితంగా దొరికే వస్తువును బజారులో కొనడమా?

పట్టాల వెంట వచ్చిన మర్యాదలు

ఖరగ్‌పూర్‌ను పట్టణంగా తీర్చినది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1899లో ఖరగ్‌పూర్ నుండి కటక్‌కు రైలుదారి పడింది. 1902లో తూర్పుకోస్తా మార్గపు ఉత్తర భాగం కూడా ఆ సంస్థ చేతికి వచ్చింది. దానితో ఉత్తర కోస్తా జిల్లాల వారికి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు అందుబాటులోకి వచ్చింది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. తరాలు గడిచినా ఇంట్లో తెలుగు నిలిచింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువారి పేరే ముందుగా వినిపించింది.

ఇలా కలగలిసిన ఊరిలో మర్యాద ఒక అలంకారం కాదు, నిత్యావసరం. ఒకరి ఆచారం ఒకరికి తెలియకపోతే గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లలో కాపురం సాగదు. కొన్ని ఆచారాలు ఆశ్చర్యకరంగా కలుస్తాయి కూడా. మన ఇళ్ళలో సెలవు తీసుకునేవారు 'వెళ్తాను' అనరు, 'వెళ్ళొస్తాను' అంటారు. బెంగాలీ ఇంటి గుమ్మంలోనూ 'పోతున్నాను' అనడం బాగుండదు. 'ఆశి', అంటే 'వస్తాను' అంటారు. దసరా ముగిశాక బెంగాలీ పిల్లలు పెద్దల పాదాలకు మ్రొక్కితే, పండుగనాడు కొత్త బట్టలు కట్టుకున్న మన పిల్లలూ అదే చేస్తారు. పిల్లలు ఈ పోలికలను గమనించిన రోజున సగం పాఠం పూర్తయినట్లే.

అయితే ఈ కథకు రెండవ వైపు కూడా ఉన్నది. ఆంగ్లేయుల కాలపు రైల్వే కాలనీలలో బంగళా పరిమాణం హోదాను చెప్పేది. ఐరోపా వారికి, ఆంగ్లో ఇండియన్లకు ఒక క్లబ్బు, భారతీయులకు వేరొక క్లబ్బు ఉండేవి. భోజనపు బల్ల దగ్గర ఏ చెంచా ఎప్పుడు తీయాలన్న పరిజ్ఞానం అక్కడ లోపలివారిని, బయటివారిని వేరుచేసే కంచె అయింది. అదే రైల్వేలో 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మె చేశారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికోద్యమానికి నాయకత్వం వహించిన వి.వి. గిరి 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు. మర్యాద అన్న మాటలో ఎదుటివారిని గౌరవించడం ఎంత ఉన్నదో, ఎదుటివారిని దూరంగా నిలబెట్టడం కూడా అంత ఉండగలదని ఆ ఊరికి బాగా తెలుసు.

పాఠం కొత్తది కాదు

సభ్యతను పాఠంగా చెప్పడం నిన్న మొన్న పుట్టిన వ్యాపారమని అనుకోరాదు. డచ్చి పండితుడు ఇరాస్మస్ 1530లోనే బాలుర నడవడి గురించి ఒక చిన్న గ్రంథం వ్రాసి, ఒక రాజవంశపు బాలుడికి అంకితమిచ్చాడు. ముక్కు ఎలా చీదాలో, భోజనం దగ్గర ఎలా కూర్చోవాలో కూడా అందులో ఉన్నది. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ బాల్యంలో 110 మర్యాద సూత్రాలను చేతివ్రాతలో ఎక్కించుకున్నాడు. మనకు సుమతీ శతకం, వేమన పద్యాలు, పెద్దబాలశిక్ష ఆ పనే చేశాయి. వీధిబడిలో అక్షరాలతో పాటు నడవడి కూడా వల్లెవేయించేవారు.

కాబట్టి, నేర్పవచ్చునా అన్నది ప్రశ్న కాదు. పదమూడేళ్ళ వయస్సులో, ఒక గదిలో కూర్చోబెట్టి నేర్పితే అంటుకుంటుందా అన్నదే ప్రశ్న.

పరిశోధనలు చెప్పేది

కత్తీ ఫోర్కుల తరగతులను కాకపోయినా, వాటికి దగ్గరి చుట్టాలైన శిక్షణలను శాస్త్రజ్ఞులు పరీక్షించారు. ఎదుటివారి మనస్సు గ్రహించడం, కోపాన్ని అదుపులో ఉంచుకోవడం, కలిసి పనిచేయడం వంటివి బడులలో నేర్పే 213 కార్యక్రమాల ఫలితాలను జోసెఫ్ డర్లాక్ బృందం క్రోడీకరించి 2011లో ప్రచురించింది. వాటిలో పాల్గొన్న విద్యార్థులు 2,70,000 పైచిలుకు. వారి నడవడితో పాటు చదువు కూడా మెరుగుపడింది. నూరుమందిలో సరిగ్గా మధ్యన నిలిచే విద్యార్థి పదకొండు మెట్లు పైకి ఎక్కినంత మేలు కనిపించింది.

కాని అన్ని కార్యక్రమాలూ ఒకే విధంగా పనిచేయలేదు. ఒక పాఠం మీద మరొక పాఠం వరుసగా కట్టినవి, ఉపన్యాసానికి బదులు పిల్లల చేత అభ్యాసం చేయించినవి, దానికంటూ సమయం కేటాయించినవి, ఏమి నేర్పుతున్నారో స్పష్టంగా చెప్పినవి మెరుగైన ఫలితాలు ఇచ్చాయి. మరోవైపు, అమెరికా విద్యాశాఖ ప్రాథమిక తరగతులలో పరీక్షించిన ఏడు శీలనిర్మాణ కార్యక్రమాలు మొత్తం మీద చెప్పుకోదగిన మార్పు తేలేదని 2010 నివేదిక తేల్చింది. నీతి బోధించినంత మాత్రాన నడవడి మారదన్న మాట.

వయస్సు మరొక చిక్కు. తోటివారిని వేధించడాన్ని అరికట్టే కార్యక్రమాలను డేవిడ్ యేగర్, ఆయన సహచరులు 2015లో సమీక్షించారు. ఏడవ తరగతి వరకు అవి కొంత పనిచేశాయి. ఎనిమిదవ తరగతి నుండి ఆ ప్రయోజనం అడుగంటింది. యౌవనం తొంగిచూసే వేళ పిల్లల మనస్సు గౌరవాగౌరవాల విషయంలో మహా సున్నితమవుతుందని, తమను చిన్నపిల్లలుగా చూసి చెప్పే ఏ మాటనైనా అప్పుడు వారు తోసిపుచ్చుతారని యేగర్ మరి ఇద్దరితో కలిసి 2018లో వ్రాసిన వ్యాసంలో వివరించారు.

మర్యాద తరగతికి ఇది కత్తిమీద సాము. 'నీకు మర్యాద తెలియదు' అన్న మాటతో మొదలయ్యే తరగతి తన విద్యార్థిని మొదటి నిమిషంలోనే అవమానించింది. గౌరవించని చోట గౌరవం నేర్చుకునేదెవరు?

లాభమెక్కడ, నష్టమెక్కడ

ఇంత చెప్పినా, ఈ తరగతులను ఒక్క మాటతో కొట్టివేయడం న్యాయం కాదు. ఖరగ్‌పూర్‌లోనే, 1931లో రాజకీయ ఖైదీలపై కాల్పులు జరిగిన హిజ్లీ నిర్బంధ శిబిరపు ప్రాంగణంలో, 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. వెలసింది. వర్క్‌షాపు కార్మికుని కూతురు తెలివితేటలతో అటువంటి సంస్థ గుమ్మం దాటవచ్చును. లోపల ఆమెకు ఎదురయ్యేవి గణితసూత్రాలు మాత్రమే కావు. ఆచార్యునికి ఉత్తరం ఎలా వ్రాయాలి, సభలో ప్రశ్న ఎలా అడగాలి, విందులో ఎవరితో మాట కలపాలి అన్న అలిఖిత నియమాలు కూడా ఉంటాయి. అవి కొందరికి పుట్టింటి నుండే వస్తాయి. రానివారికి దాపరికం లేకుండా చెప్పడం ఒక విధమైన న్యాయం. తెలియనందువల్ల కలిగే భయాన్ని పది గంటల అభ్యాసం తొలగించగలిగితే ఆ రుసుము వృథా కాదు.

నష్టం మరో దారిలో వస్తుంది. తరగతి నుండి ఇంటికి తిరిగివచ్చిన కుర్రవాడు, చేత్తో అన్నం కలుపుకుంటున్న తల్లిని చూసి మొదటిసారి సిగ్గుపడ్డాడనుకుందాం. అతడు ఫోర్కు పట్టుకోవడం నేర్చుకున్నాడు. దానికి చెల్లించిన అసలు వెల మాత్రం రశీదులో లేదు. ఎంగిలి పాటించడం, కుడిచేత్తో అందుకోవడం, కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం, అతిథి తినకుండా తాను తినకపోవడం కూడా మర్యాదలే. వాటిని మొరటుతనంగా చూపించే తరగతి పిల్లవాడికి కొత్త విద్య ఇస్తూ పాత ఇంటిని లాగేసుకుంటుంది.

పంపదలచిన తల్లిదండ్రులు ముందుగా నాలుగు విషయాలు విచారించడం మంచిది.

మొదటిది: పిల్లలు వింటున్నారా, చేస్తున్నారా? నటించి, తప్పు చేసి, మళ్ళీ చేసి చూసే అవకాశం లేని తరగతి ఉపన్యాసం మాత్రమే.

రెండవది: నియమానికి కారణం చెబుతున్నారా? 'తలుపు దగ్గర ఆగి, వెనుక వచ్చేవారికి దారి ఇవ్వు' అన్నది ఎందుకో తెలిస్తే పిల్లవాడు కొత్త చోట కొత్త మర్యాదను తానే కనిపెట్టుకుంటాడు.

మూడవది: ఇంటి మర్యాదకు చోటు ఉన్నదా? అరిటాకు భోజనానికీ, బల్లమీది భోజనానికీ సమాన గౌరవం ఇచ్చే గురువు దొరికితే అదృష్టమే.

నాలుగవది: నేర్చుకున్నది ఎవరి మీద ప్రయోగించాలి? పెద్ద ఉద్యోగి ముందు వినయం నేర్పి, ఊడ్చే మనిషి ముందు ఎలా మాట్లాడాలో నేర్పని తరగతి మర్యాద నేర్పలేదు, ముఖస్తుతి నేర్పింది.

రుసుము భరించలేనివారు నిరాశపడనక్కరలేదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థలో రైల్వేలకు ప్రత్యేక శాఖలున్నాయి. ఖరగ్‌పూర్ ఉన్న ఆగ్నేయ రైల్వేకూ ఉన్నది. వేసవిలో ప్రయాణికులకు మంచినీళ్ళు అందించడం రైల్వే స్కౌట్లు చేసే సేవలలో ఒకటి. ఎండలో నిలబడి, అపరిచితుడి సీసా నింపి ఇచ్చిన పిల్లవాడికి వినయం గురించి వేరే ఉపన్యాసం అక్కరలేదు.

ఇక అన్నిటికంటె పెద్ద తరగతి గది ఇల్లే. మూడవ తరగతి రైలు ప్రయాణపు కష్టాల గురించి గాంధీజీ 1917లో వ్రాసినప్పుడు రైల్వేలను మాత్రమే తప్పుపట్టలేదు. పెట్టెలో ఉమ్మే, తోటివారిని లెక్కచేయని ప్రయాణికులనూ మందలించారు. చదువుకున్నవారు తామే ఆ తరగతిలో ప్రయాణించి, నడచి చూపాలని కోరారు. ఆ సలహా నేటి తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. రిక్షా అతనితో తండ్రి బేరమాడే గొంతు, పనిమనిషి ఆలస్యంగా వచ్చిన రోజున తల్లి అనే మొదటి మాట పిల్లలకు దినదినమూ సాగే పాఠాలు. వాటికి వ్యతిరేకంగా వారానికి ఒక గంట చెప్పే పాఠం ఎంతకాలం నిలుస్తుంది?

మళ్ళీ ఆ పొడవాటి ప్లాట్‌ఫారానికి వద్దాం. బండి ఆలస్యం. బెంచీ నిండిపోయింది. మూట నెత్తిన పెట్టుకొని ఒక ముసలమ్మ వచ్చి నిలబడింది. ఆమె భాష ఏదో మన కుర్రవాడికి తెలియదు. 'ఆప్ని' అనాలో, 'ఆప్' అనాలో, 'మీరు' అనాలో ఒక్క క్షణం తేలలేదు. అతడు లేచి నిలబడి, మూట దించడానికి చేయి అందించి, ఖాళీ అయిన చోటు చూపించాడు. ఏ తరగతి అతని చేత ఆ పని చేయించగలదో, ఆ తరగతికి పంపండి. ఇల్లే ఆ పని చేయిస్తూ ఉంటే, ఆ డబ్బుతో అతనికి మంచి పుస్తకాలు కొనిపెట్టండి.